పువ్వు ఒక సొరుగులో, కాడ మరో సొరుగులో

మూడున్నరేళ్లుగా చేస్తున్న ఒక పని గత నెలలో ముగిసింది. డైనోసార్ల కాలంలో బతికిన ఒక మొక్క తాలూకు ఆకు, కాండం, పువ్వు రాళ్లలో విడివిడిగా దొరికాయి. వాటిని మళ్లీ ఒక మొక్కగా నిలబెట్టడమే ఆ పని. చివరికి మిగిలే బొమ్మ అరపేజీకి మించదు. ఆ అరపేజీ కోసం ఎన్ని నెలలు ఎదురుచూడాలో, ఎక్కడెక్కడ మనసు విరుగుతుందో నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఈ దారిలోకి వచ్చేవాళ్లకు కొంతైనా తెలిసి ఉండాలని, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని తేదీలతో సహా రాస్తున్నాను.

2022 జనవరి 17న పదకొండు సొరుగుల తాళాలు నా చేతికి వచ్చాయి. చాలా ఏళ్ల కిందట ఒకే గనిలో, ఒకే మట్టిరాతి పొరలోంచి తీసిన పలకలు అందులో ఉన్నాయి. తీసినవాళ్లు ఇప్పుడు లేరు. ప్రతి పలకనూ వార్తాపత్రికలో చుట్టి, పైన ఒక చీటీ పెట్టారు. కొన్ని చీటీల మీద సిరా వెలిసిపోయింది, కొన్నిటిని పురుగు తినేసింది. విప్పి, మెత్తని బ్రష్‌తో దుమ్ము తీసి, కొత్త సంఖ్యలు వేయడానికే మూడు వారాలు పట్టింది. మొత్తం 186 పలకలు. వాటిలో 112 పలకల్లో ప్రధానంగా కనిపించింది ఒకే రకం ఆకు. గాలికి చీలిన అరటాకులా, నడిమి ఈనెకు రెండు వైపులా వెడల్పాటి పట్టీలుగా విడిపోయిన ఆకు అది. దానికి చీలికాకు అని పేరు పెట్టుకున్నాను. 23 పలకల్లో చిన్న ఈతమట్టలాంటి సన్నని ఆకు ఉంది. దాన్ని ఈతాకు అన్నాను. 14 కాండం ముక్కలు, 9 పువ్వులు. మిగిలిన 28 పోల్చుకోలేని ముక్కలు.

పువ్వు అంటున్నానే గానీ, అది ఇప్పటి పూలమొక్కల పువ్వు కాదు. బెన్నెటైటేలీస్ అనే, పూర్తిగా అంతరించిపోయిన వివృతబీజాల (గింజలు కాయలో దాగి ఉండని మొక్కల) వర్గానిది. మధ్యలో గింజలు పొదిగిన గుండ్రటి దిమ్మె, దాని చుట్టూ నూగుతో నిండిన పుచ్ఛాలు, అంటే పువ్వును కప్పే చిన్న ఆకుల్లాంటి రేకులు. చూడగానే విచ్చుకోబోయే మొగ్గలా ఉంటుంది. మొదటి పువ్వు పలకను విప్పినప్పుడు చాలాసేపు దాన్ని కింద పెట్టలేకపోయాను. పుచ్ఛాల మీది నూగు కూడా కనిపిస్తోంది.

ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా ఫోటోలతోనే గడిచింది. నేరుగా పడే వెలుతురులో పలక బోసిగా ఉంటుంది. దీపాన్ని పలక అంచుకు దించి, వెలుగు ఏటవాలుగా పాకేలా చేస్తే ఈనెలు పొలంగట్లలా లేచి నిలబడతాయి. కుడివైపు నుంచి కనిపించిన ఈనె పైనుంచి కనిపించదు, అందుకే ఒక్కో పలకను నాలుగు దిక్కుల నుంచీ తీయాలి. బొగ్గు పొర మెరుపు కళ్లకు కొడుతుంటే దీపానికీ కెమెరాకూ పోలరైజింగ్ ఫిల్టర్లు తగిలించాలి. పలకకు ఇరవై నిమిషాలు చాలనుకున్నాను, గంట పట్టింది. ఈ పనిలో ఏ దశకైనా మీరు వేసుకున్న గడువును మూడుతో హెచ్చవేసుకోండి.

తొమ్మిది పువ్వుల్లో ఏడు, చీలికాకులు ఉన్న పలకల్లోనే ఉన్నాయి. రెండింట్లో అయితే పువ్వు మీద ఆకు వాలినట్టే పడి ఉంది. ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. నా స్నేహితురాలు ఒకరు శాస్త్ర గ్రంథాలకు బొమ్మలు వేస్తారు. ఆమెతో కూర్చుని జూన్ నెలలో మొదటి బొమ్మ వేయించాను. నిటారు కాండం, పైన గొడుగులా చీలికాకులు, మధ్య మధ్య పువ్వులు. ఎంతో అందంగా వచ్చింది. దాన్ని బల్ల ఎదురుగా గోడకు అంటించి, రోజూ పొద్దున చూసుకునేదాన్ని.

జులై మొదట్లో మా గురువుగారు వచ్చి ఆ బొమ్మను చాలాసేపు చూశారు. "పువ్వు పక్కన ఈ ఆకు ఎన్నిసార్లు ఉందో చెప్పావమ్మా. పువ్వు లేని పలకల్లో ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టావా?" అన్నారు. లెక్కపెట్టలేదు. ఆ రాత్రే కూర్చున్నాను. పువ్వు లేని పలకలు 177. వాటిలో కనీసం ఒక ముక్క చీలికాకు ఉన్నవి 130, అంటే నూటికి 73. పువ్వుల దగ్గర తొమ్మిదికి ఏడు, నూటికి 78. తేడా లేనట్టే. ఆ పొరలో ఎక్కడ చేయి పెట్టినా చీలికాకే తగులుతుంది కాబట్టి పువ్వు దగ్గరా తగిలింది. వరద నీరు ఎక్కడెక్కడి ఆకులనో ఈడ్చుకొచ్చి ఒక మడుగులో పరుస్తుంది, ఒకదాని పక్కన ఒకటి పడినంత మాత్రాన అవి ఒకే చెట్టువి కావు. ఇది పాఠ్యపుస్తకంలో చదివిన విషయమే. అయినా బొమ్మను గోడ మీంచి తీయడానికి చేతులు రాలేదు.

ఇక మిగిలిన దారి క్యూటికల్. ఆకు పైపొరను కప్పి ఉండే మైనపు పొర అది. కణాలు నశించి బొగ్గుగా మారినా, ఈ పొర మీద కణాల అచ్చు చెక్కుచెదరకుండా మిగులుతుంది. బెన్నెటైటేలీస్ ఆకునూ, సైకాస్ (ఈతచెట్టులా కనిపించే మరో వివృతబీజ మొక్క) బంధువుల ఆకునూ కంటితో విడదీయడం చాలాసార్లు కుదరదు. చీలికాకులాంటి ఆకు రెండు వర్గాల్లోనూ ఉంది. మైక్రోస్కోపు కింద మాత్రం తెలిసిపోతుంది. బెన్నెటైటేలీస్‌లో కణాల గోడలు అలల్లా వంకరలు తిరిగి ఉంటాయి, పత్రరంధ్రానికి, అంటే ఆకు గాలి పీల్చుకునే సన్నని రంధ్రానికి, అటొకటి ఇటొకటి రెండు సహాయక కణాలు జోడుగా ఉంటాయి. సైకాస్ వైపు గోడలు సాధారణంగా తిన్నగా ఉంటాయి, రంధ్రం చుట్టూ సహాయక కణాలు వలయంలా చేరతాయి.

అయితే క్యూటికల్ తీయడమంటే శిలాజంలో కొంత పోగొట్టుకోవడమే. అందుకు అనుమతి కావాలి. జులై 4న దరఖాస్తు పెట్టాను, నవంబరు 9న జవాబు వచ్చింది. నాలుగు నెలలు. పన్నెండు పలకల నుంచి మాత్రమే, ఒక్కోదాని నుంచి మూడు మిల్లీమీటర్లకు మించకుండా, తీసే ముందూ తీసిన తర్వాతా ఫోటోతో. అప్పట్లో ఆ షరతులు నాకు చిరాకు తెప్పించాయి. ఇప్పుడు ఎవరైనా నన్ను అడిగినా అవే షరతులు పెడతాను.

ఆ నాలుగు నెలల్లో ఒక పని మంచిగా జరిగింది. ఆమ్లాలతో పని చేయడానికి శిక్షణ తీసుకున్నాను. క్యూటికల్‌కు అంటిన రాతి ధూళిని తొలగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడాలి. అది చర్మం మీద పడితే ఆ క్షణంలో నొప్పి కూడా తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి ఎముకలోని కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాల్షియం గ్లూకోనేట్ జెల్ ట్యూబు చేతికి అందే చోట ఉంటే తప్ప సీసా మూత తీయకూడదు, ఒంటరిగా ఉన్నప్పుడు అసలే తీయకూడదు. మా ప్రయోగశాలలోని జెల్ గడువు దాటిపోయింది. కొత్తది వచ్చేదాకా మూడు వారాలు సీసాను ముట్టుకోలేదు. తొందర ఎంత ఉన్నా ఈ ఒక్క చోట ఆగండి.

2022 డిసెంబరు 12న మొదటి ముక్క తీశాను. ధూళి పోయాక దాన్ని షుల్జ్ ద్రావణంలో, అంటే నత్రికామ్లంలో కొన్ని పొటాషియం క్లోరేట్ పలుకులు వేసిన దానిలో ఉంచాలి. నల్లని బొగ్గు మెల్లగా తేనె రంగుకు తిరుగుతుంది. సరిగ్గా ఆ రంగు దగ్గర తీసి, కడిగి, పలచని అమ్మోనియాలో వేస్తే ముదురు రంగు పొగలా కరిగిపోయి, సెలోఫేన్ కాగితంలాంటి పొర తేలుతుంది. పుస్తకంలో ఇంతే రాసి ఉంటుంది. ఎంతసేపు అన్నది ప్రతి ఆకుకూ వేరు. నా మొదటి ముక్కను రాత్రంతా ఉంచాను, పొద్దున గిన్నెలో ఏమీ లేదు. రెండోది ఆరు గంటల్లో పోయింది. మూడోది రంగు మారకముందే తీశాను, అమ్మోనియాలో పొడి అయిపోయింది. నాలుగు, ఐదు కూడా పోయాయి. కోట్ల ఏళ్లు రాయిలో భద్రంగా ఉన్నది నా చేతిలో ఒక రాత్రికి కరిగిపోయింది. ఆ వారం ఇంటికి వెళ్లి ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత నేర్చుకున్నది చాలా చిన్న విషయం: గిన్నె పక్కనే కూర్చోవాలి, పదిహేను నిమిషాలకు ఒకసారి తెల్లకాగితం మీద పెట్టి రంగు చూడాలి. ఆరో ముక్కకు రెండు గంటల నలభై నిమిషాలు చాలింది.

2023 జనవరి 24 సాయంత్రం చీలికాకు క్యూటికల్ మైక్రోస్కోపు కింద స్పష్టంగా కనిపించింది. కణాల గోడలు గీత గీసినంత తిన్నగా ఉన్నాయి. రంధ్రాల చుట్టూ వలయాలు. అదే వారం పువ్వు పుచ్ఛం నుంచి తీసిన పొరలో గోడలన్నీ అలలు అలలుగా ఉన్నాయి. చీలికాకు సైకాస్ వైపుది, పువ్వు బెన్నెటైటేలీస్‌ది. గోడ మీద బొమ్మలో ఉన్న మొక్క ఎప్పుడూ, ఎక్కడా బతకలేదు. దాన్ని నేనే కల్పించాను.

మూడు రోజులు గురువుగారికి చెప్పలేదు. నాలుగో రోజు స్లైడ్ తీసుకెళ్లి చూపిస్తే, ఆయన కళ్లద్దాలు తీసి, "మంచి పొర తీశావు" అన్నారు. బొమ్మ గురించి ఒక్క మాట కూడా అనలేదు. నా స్నేహితురాలికి చెప్పడం అంతకంటే కష్టమైంది. ఆమె శ్రమంతా అందులో ఉంది.

అప్పటికి అనుమతి ఇచ్చిన పన్నెండింటిలో ఎనిమిది అయిపోయాయి. మిగిలినవి నాలుగు. ఈతాకులున్న 23 పలకల్లో బొగ్గు పొర మిగిలినవి కూడా నాలుగే. మిగతావన్నీ ఖాళీ అచ్చులు. ఒక్కటీ పోకూడదు. మార్చిలో రోజుకు ఒకటి కాదు, వారానికి ఒకటి చొప్పున చేశాను. నాలుగూ నిలిచాయి. అలల గోడలు, జోడు సహాయక కణాలు, అడ్డంగా వరుస కట్టిన రంధ్రాలు, అక్కడక్కడ నూగు రాలిన గుండ్రటి పీఠాలు. పుచ్ఛం మీది నూగు పీఠాలూ అచ్చం అలాగే ఉన్నాయి.

ఆ పీఠాలను చూసినప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు ఆలివర్, స్కాట్ గుర్తుకొచ్చారు. ఫెర్న్‌లాంటి ఆకులున్న లిజినోడెండ్రాన్ మొక్కకు గింజలు ఉండేవని 1903లో వాళ్లు ప్రకటించింది ఇలాంటి ఆధారంతోనే. విడిగా దొరికిన గింజ చుట్టూ ఉన్న తొడుగు మీద గుండుసూది తలలాంటి గ్రంథులు ఉన్నాయి, అవే గ్రంథులు ఆ మొక్క కాండం మీదా ఆకు మీదా ఉన్నాయి. గింజ దానికి అతికి ఉండగా వాళ్లు చూడలేదు. గ్రంథుల పోలిక మీద నిలబడిన ఆ నిర్ణయం విత్తన ఫెర్న్‌లు అనే కొత్త వర్గానికే దారి తీసింది. నాకూ ధైర్యం వచ్చింది. కానీ గురువుగారు ఒప్పుకోలేదు. దగ్గరి బంధువులైన రెండు జాతుల క్యూటికల్ పొరలు కూడా ఒకేలా ఉండవచ్చు. మా మట్టిరాతి పొరలో బెన్నెటైటేలీస్ మొక్కలు ఒకటే ఉండేదో, మూడు ఉండేవో ఎవరికి తెలుసు? అతికి ఉన్న ముక్క ఒక్కటి కావాలి.

రాయి లోపల కాడ ఇంకా దాగి ఉందేమోనని సీటీ స్కాన్‌కు పెట్టాను. ఐదు నెలల వరుస. 2023 సెప్టెంబరులో ఒక్క రోజు దొరికింది. ఆ ఒక్క రోజుకు అయిన ఖర్చు ఏడాది ప్రయాణాలకు దాచుకున్నదంతా తీసుకుంది. ఫలితం బూడిదరంగు మంచు. ఆ రాతిలోని బొగ్గు పొర మరీ పలచన, స్కాన్‌లో విడిగా తేలలేదు. పైగా బల్లపరుపు పలకలు స్కాన్‌కు అనువైన ఆకారం కాదు, ఒక దిశలో కిరణాలు మందం అంతా దాటాలి, మరో దిశలో కొంచెమే. ముందుగా ఒక చిన్న పనికిరాని ముక్కతో పరీక్షించి చూడమని అడగవలసింది. అడిగితే ఒప్పుకుంటారని నాకు ఆ రోజు సాయంత్రం తెలిసింది.

తర్వాత ఐదు నెలలు పెద్దగా ఏమీ జరగలేదు. కాండాలు కొలిచాను, పట్టికలు వేశాను. మానేద్దామని రెండుసార్లు ఉత్తరం రాసి పంపకుండా ఉంచుకున్నాను.

2024 ఫిబ్రవరి 13న గోదాం గోడకు చెమ్మ పట్టిందని సొరుగులన్నీ ఖాళీ చేసి, పలకలను ఒక పెద్ద గదిలో నేల మీద పరిచారు. సొరుగుల వరుస చెదిరిపోయిందని నాకు కోపంగా ఉంది. సంఖ్యలు సరిచూస్తూ మోకాళ్ల మీద పాకుతున్నాను. 158వ పలక దగ్గర ఆగాను. పాత చీటీ మీద "కాండం, గుర్తించలేదు" అని ఉంది. దాని మూల మీదుగా సన్నని తెల్లని కాల్సైట్ చార ఒకటి మెట్లు మెట్లుగా పోతోంది. ఆ మెట్లను ఎక్కడో చూశాను. రెండేళ్లు ఫోటోలు తీసిన కళ్లు గుర్తుపట్టాయి. 41వ పలక, పువ్వుల్లో పెద్దది. దాని మూల మీద అదే చార ఉంది, అద్దంలో చూసినట్టు తిరగేసి.

రాయి పొర వెంట చీలినప్పుడు రెండు ముఖాలు వస్తాయి, శిలాజం కొంత ఒకదానికి, కొంత రెండోదానికి అంటుకుంటుంది. తీసినవాళ్లు రెంటినీ కలిపి చుట్టాలి. ఎవరో, ఏదో తొందరలో, వేరు వేరు కాగితాల్లో చుట్టారు. అప్పటి నుంచీ పువ్వు మూడో సొరుగులో, దాని కాడ తొమ్మిదో సొరుగులో ఉన్నాయి. 41ని తెచ్చి 158 మీద బోర్లించాను. వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చుంది. నా చేతులు వణుకుతుంటే మెల్లగా పక్కకు దించి, కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చానని చెప్పడానికి సిగ్గుపడను.

41లో పువ్వు కింద కాడ ఒక సెంటీమీటరు పోయి ఆగిపోతుంది. 158లో అది కొనసాగి, ఆకులు రాలిన డైమండ్ ఆకారపు మచ్చలున్న కాండం దాకా పోతుంది. కానీ కాండాన్ని తాకే చోట మీద రాతి పొర కప్పి ఉంది. అతికి ఉందా, లేక కాండం మీద వాలిందా? కుట్టుసూదిని పిడికి బిగించి, మైక్రోస్కోపు కింద రాతిని గింజ గింజగా లేపడం మొదలుపెట్టాను. ఆరు వారాలకు పదకొండు మిల్లీమీటర్లు. రోజుకు రెండు గంటలకు మించి చేయకూడదని నియమం పెట్టుకున్నాను, అలసిన చేయి ఒక్కసారి జారితే అంతే. మార్చి 28న కాడ నార కాండంలోకి విడిపోకుండా దిగడం కనిపించింది. అతికే ఉంది.

అదే కాండం మీద పైన ఒక ఆకు మొదలు కూడా మిగిలి ఉంది. నాలుగు సెంటీమీటర్లు, ఇంకా రాలని ఆరు సన్నని పత్రకాలతో. ఈతాకు. దాని పొర తీసి చూడాలని మనసు లాగింది. కానీ ఉన్నది ఒక్కటే. చుట్టిన పాత కాగితం మడతలో కొన్ని బొగ్గు రేణువులు రాలి ఉన్నాయి, వాటిని పరీక్షిద్దామా అనుకున్నాం. అవి ఆ ఆకు నుంచే రాలాయని నిరూపించలేం కనుక పక్కన పెట్టాం. చివరికి ఒక సహోద్యోగి ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు సంగతి చెప్పారు. నీలికాంతి వేస్తే క్యూటికల్ రాతి మీద ఉండగానే పసుపుపచ్చగా వెలుగుతుంది, దేన్నీ పీకనవసరం లేదు. వెలిగింది. అలల గోడలు కనిపించాయి. ఇది నాకు ముందే తెలిసి ఉంటే డిసెంబరులో కరిగిపోయిన ఐదు ముక్కల్లో కొన్నయినా మిగిలేవి. ప్రతి శిలాజంలోనూ ఇది పని చేయదు, అయినా ఆమ్లం కన్నా ముందు ఇదే చూడండి.

ఒక్క నమూనా కోసం ఎదురుచూడటం ఈ శాస్త్రంలో కొత్త కాదు. అమెరికాలోని గిల్బోవాలో 1870 ప్రాంతంలోనే చెట్టు మొదళ్లు బయటపడ్డాయి, వాటి పైభాగం ఏమిటో 2007లో గానీ ప్రచురణకు రాలేదు. ఫెర్న్ ఆకులా ఉండే ఆర్కియోప్టెరిస్, శంఖాకార వృక్షాల కలపలా ఉండే కాలిజైలాన్ ఒకే చెట్టువని చార్లెస్ బెక్ 1960లో చూపింది, రెండూ అతికి ఉన్న నమూనాతోనే. నాకు రెండేళ్లకే దొరికింది.

2024 జూన్‌లో స్నేహితురాలు మళ్లీ కాగితం తీశారు. ఈసారి ఆమె అడిగిన ప్రశ్నలకు జవాబులు లేక నేను నీరసపడిపోయాను. ఎంత ఎత్తు? అన్నిటికన్నా లావు కాండం 6.2 సెంటీమీటర్లు, అది మొదలో, నడుమో తెలియదు. ఇప్పటి మొక్కల్లో లావుకూ ఎత్తుకూ ఉండే సంబంధంతో లెక్క వేస్తే, కలపచెట్ల లెక్కకు ఒక ఎత్తు వచ్చింది, కలప తక్కువగా, దవ్వ ఎక్కువగా ఉండే కాండాల లెక్కకు అందులో సగం కూడా రాలేదు. కొమ్మలు ఉండేవా? ఈ వర్గంలో రెండు రూపాలకూ పేరున్న బొమ్మలున్నాయి. రాజ్‌మహల్ కొండల శిలాజాల నుంచి 1932లో శిలాజ వృక్షశాస్త్రజ్ఞుడు బీర్బల్ సాహ్ని విలియంసోనియా సీవార్డియానాను లావుపాటి కాండంతో నిలబెట్టారు. 1915లో హామ్‌షా థామస్ విలియంసోనియెల్లాను సన్నని కొమ్మలు చీలిన మొక్కగా చూపారు. సాహ్నిగారి బొమ్మ చిన్నప్పటి పాఠ్యపుస్తకం నుంచీ నా కళ్లలో ఉంది. చేయి తెలియకుండానే అటు పోతుంది. కానీ మా 14 కాండం ముక్కల్లో రెండు పాయలుగా చీలాయి. కొమ్మలు వేయించాను.

ఆకులు ఎన్ని? దీనికి మాత్రం రాయే జవాబిచ్చింది. మచ్చలు కాండం చుట్టూ మెలికగా పోతాయి, వాటి మధ్య దూరం కొలిస్తే ఒక సమయంలో కొనకు ఎన్ని ఆకులు పట్టేవో అంచనా దొరికింది. రంగు? పువ్వు పుచ్ఛాలకు ఎరుపు వేద్దామని ఆమె చాలా కోరుకున్నారు. ఆధారం లేదు. రెండు రోజులు వాదించుకుని, రంగే వద్దు, సిరాతో వేద్దాం అనుకున్నాం. చూసినదానికి నిండు గీత, ఊహించినదానికి తెగిన గీత, తెలియనిచోట ఖాళీ. మొదటి బొమ్మతో పోలిస్తే ఇది పేదగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇందులో ప్రతి గీతా ఏ పలకదో చెప్పగలను.

అక్టోబరు 7న ఒక శాస్త్ర పత్రికకు వ్యాసం పంపాం. 2025 మార్చి 19న జవాబులు వచ్చాయి, ఐదు నెలల పైమాటే. ఇద్దరు పరిశీలకుల్లో ఒకరు ఎత్తు గురించి చిన్న సవరణలు అడిగారు. రెండోవారు పాయలు చీలిన ఆ రెండు కాండం ముక్కల మీద ఆకు మచ్చలు స్పష్టంగా లేవని, అవి ఇదే మొక్కవని ఎలా చెబుతారని అడిగారు. చదవగానే మండిపడ్డాను. మర్నాడు పలకలు తీసి చూస్తే ఆయన మాటే నిజం. మళ్లీ అదే తప్పు, పక్కన దొరికింది కాబట్టి దానిదే అనుకోవడం. కొమ్మలు తెగిన గీతలయ్యాయి. జూన్ 11న అంగీకారం వచ్చింది. ఆకుకూ, కాండానికీ, పువ్వుకూ ఉన్న వేరు వేరు శాస్త్రీయ పేర్లను అలాగే ఉంచాం. అతుకు దొరికింది ఒక్క నమూనాలోనే. ఖాళీ అచ్చులుగా మిగిలిన ప్రతి ఈతాకూ ఈ మొక్కదేనని చెప్పే హక్కు ఇంకా మాకు రాలేదు.

28 పోల్చుకోలేని ముక్కల్లో ఒకటి, 173వ పలక, వేరులా ఉంటుంది. నాలుగు శాఖలు, బొగ్గు లేదు, మచ్చలు లేవు. బొమ్మ కింద ఖాళీ చూసినప్పుడల్లా స్నేహితురాలు దాన్ని అక్కడ పెట్టమని అడిగేవారు. పెట్టలేదు.

గత నెల పలకలన్నీ కొత్త పెట్టెల్లో సర్దాను. 41, 158 ఇప్పుడు ఒకే పెట్టెలో, ఎదురెదురుగా, మధ్యలో మెత్తని కాగితంతో ఉన్నాయి. పాత చీటీలు తీసేయలేదు. "కాండం, గుర్తించలేదు" అన్న దాని కిందే పెన్సిలుతో "41కి రెండో ముఖం" అని రాసి, తేదీ వేశాను.